వెనక వరస గొంతు

మద్రాసు. 1944. రికార్డింగ్ గది తలుపు మూసుకుంది.

ఫ్యాను ఆగింది. ఇక గాలి లేదు, మాట లేదు, దగ్గొచ్చినా మింగాల్సిందే. గది మధ్యలో ఒక్కటే మైకు. దాని దగ్గరగా అసలు పాటగాళ్లు, వాళ్ల వెనక వాద్యాలవాళ్లు, అందరికంటే వెనక గోడవారగా కోరస్. ఆ కోరస్‌లో కృష్ణా జిల్లా కుర్రాడొకడు. ఇరవై ఒక్కేళ్లు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బందరు ఉక్కలో పెరిగినవాడికి మద్రాసు ఉక్క కొత్తేమీ కాదు. చెమట తుడుచుకోలేదు. కళ్లు మైకు మీదే ఉన్నాయి.

యుద్ధం రోజులవి. ముడిఫిల్ము దొరకడమే గగనం. ఏ సినిమా అయినా 11 వేల అడుగులు దాటకూడదని 1943లోనే సర్కారు గీత గీసింది. పాట అచ్చయ్యేది ఆ ఫిల్ము మీదే. ఒక్కడు తడబడితే చాలు, అందరూ మళ్లీ పల్లవి నుంచి ఎత్తుకోవాలి. అందుకని కోరస్‌లో నిలబడేవాడికి ఒకటే నేర్పు ఉండాలి. పక్కవాడి గొంతులో కలిసిపోవాలి. ఎవడి గొంతు విడిగా వినపడితే వాడే తప్పు చేసినట్టు.

ఈ కుర్రాడు చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నదంతా దానికి సరిగ్గా ఎదురు.

సినిమా పేరు సీతారామ జననం. అందులో రాముడి వేషం అక్కినేని నాగేశ్వరరావుది. గుడివాడ తాలూకా రామాపురం నుంచి వచ్చి, నాటకాల్లో ఆడవేషాలు కట్టి, బెజవాడ రైల్వే స్టేషన్లో దర్శకుడి కంటపడిన పల్లెటూరి యువకుడు. తన పాట తనే పాడుకుంటున్నాడు. అప్పటి పద్ధతే అది. వేషం ఎవరిదో పాటా వాళ్లదే. గోడవార నిలబడ్డవాడిదీ గుడివాడ పక్క పల్లెటూరే. ఒకడు తెర మీద, ఇంకొకడు పేరులేని గుంపులో. దర్శకుడు ఘంటసాల బలరామయ్య. కుర్రాడి ఇంటిపేరూ ఘంటసాలే. చుట్టరికం మాత్రం లేదు, బలరామయ్యగారిది నెల్లూరు సీమ.

సంగీత దర్శకుడి చేయి పైకి లేచింది. వరసంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది.

*

ఆ గొంతు మొదట లేచింది ఓ మనిషి భుజం మీద.

చౌటపల్లి. 1920ల చివరి రోజులు. కాలువ గట్టు, తాటాకు కప్పులు, కోతలైపోయిన మాగాణి మీంచి రాత్రిపూట తిరిగే చల్లగాలి. ఘంటసాల సూరయ్య మృదంగం భుజాన తగిలించుకుని భజనకి బయల్దేరేవాడు. రెండో భుజం మీద కొడుకు. నారాయణతీర్థుల తరంగాలంటే సూరయ్యకి ప్రాణం. తరంగం ఎత్తుకున్నాడంటే పిల్లాడు భుజం మీంచి జారి కిందకొచ్చి అడుగులు వేసేవాడు. నేర్పినవాళ్లు లేరు. దరువు పడితే పాదం పడేది. ఊళ్లో జనం ఆ పిల్లాడికి బాల భరతుడని పేరు పెట్టారు.

అక్కడ అది వింతేం కాదు. ఇంటిపేరుగా మోస్తున్న ఘంటసాల ఊరు ఉన్నది దివి తాలూకాలో. పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. దాని ఎగువన మొవ్వ, క్షేత్రయ్య మొవ్వ. ఆ పక్కనే కూచిపూడి, అక్కడ అదే తరంగానికి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారు. పాట, ఆట, దరువు ఆ నేలలో కలిసే మొలిచాయి. ఒంటరిగా పాడటం అనే మాట అక్కడ ఎవరికి తట్టింది గనక? ఒకడు అంటే పదిమంది అందుకోవాలి. అప్పుడే అది భజన.

పిల్లాడికి పదకొండో ఏడు. సూరయ్య మంచం పట్టాడు.

పోయేముందు కొడుకుని దగ్గరికి పిలిచి, సంగీతం ఎంత గొప్పదో చెప్పి, పెద్ద విద్వాంసుడివి కమ్మని అడిగాడు. మాట తీసుకున్నాడు, కన్ను మూశాడు. మృదంగం గోడకి చేరింది. తల్లి రత్తమ్మ, పిల్లలు మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య నీడకి చేరారు. నాన్నకిచ్చిన మాట ఒక్కటే పిల్లాడి చేతిలో మిగిలింది. అది పట్టుకుని గురుకులాల్లో చేరాడు. కట్టుబాట్లకి తట్టుకోలేక పారిపోయి వచ్చాడు. మళ్లీ చేరాడు, మళ్లీ వచ్చాడు.

ఓ రోజు పక్క ఊళ్లో కచేరీ.

విద్వాంసులు కూర్చున్నారు. కుర్రాడు ముందుకెళ్లి పోటీకి దిగాడు. గొంతుంది, శాస్త్రం లేదు. రాగం ఎత్తడం తెలుసు, ఎక్కడ దించాలో తెలీదు. మొదట ఒకరు నవ్వారు. తర్వాత సభంతా నవ్వింది. బాల భరతుడని చప్పట్లు కొట్టిన చుట్టుపక్కల ఊళ్లవాళ్ల ముందే తల దించుకుని పందిరి దాటాడు. ఆ నవ్వు వాడితోపాటు ఇంటికొచ్చింది, మంచం పక్కన పడుకుంది, పొద్దున్నే వాడికంటే ముందు లేచింది.

సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఏడాది బట్టలు ఉతికాడు. ఇంకో ఏడాది వంట చేశాడు. ఉతుకుతూ విన్నాడు, గరిటె తిప్పుతూ విన్నాడు. రెండేళ్లకి ఒక సంగతి తేలిపోయింది. ఇలా గోడ అవతల నుంచి వింటే విద్య రాదు.

వేలికి ఓ ఉంగరం ఉంది. నలభై రూపాయలు చేస్తుంది. ఎనిమిదికి అమ్మేశాడు.

*

విజయనగరం స్టేషన్లో దిగేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అడుగుతూ, కనుక్కుంటూ సంగీత కళాశాల గేటు దాకా వచ్చాడు. గేటుకి తాళం.

వేసవి సెలవులు.

అప్పటికి తెలుగునాట సంగీతానికని ఉన్న కళాశాల అదొక్కటే. 1919లో పెట్టారు, మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ పేరు విని అంతదూరం వచ్చినవాడికి ఇప్పుడు వెనక్కి వెళ్లే చార్జీ కూడా లేదు. బతిమాలితే ఆవరణలో పడుకోనిచ్చారు. రోజుకో ఇంట్లో వారాలు కుదిరాయి. తోటి కుర్రాళ్లు చేసిన ఏదో తప్పు వీడి నెత్తిన పడింది. ఆవరణ ఖాళీ చేయమన్నారు. కబురు ఊరంతా పాకింది. వారాల ఇళ్లవాళ్లు రావద్దన్నారు. ఒక్కరోజులో చాప పోయింది, అన్నం పోయింది.

ఎల్లమ్మ గుడి అరుగు మీదకి చేరాడు. అక్కడే పట్రాయని సీతారామశాస్త్రి కంటపడ్డాడు.

సాలూరి చిన్న గురువుగారని పేరు. కళాశాలలో గాత్రం చెబుతారు. హార్మోనియం తనే వాయించుకుంటూ తనే పాడుకునే అరుదైన మనిషి. పక్కవాద్యం కోసం ఎదురుచూడరు, గమకాల గారడీ చేయరు, మాటలో ఉన్న భావం గొంతులోకి రావాలంటారు. కుర్రాడి కథంతా విని ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇంట్లో విద్యకి లోటు లేదు. బియ్యానికే లోటు.

ఓ రోజు పొయ్యి రాజలేదు.

పక్కవీధిలో ఓ సాధువు ఉండేవాడు. కుర్రాడి వాలకం చూసి ఓ గుడ్డ తీసి జోలె కట్టి భుజాన వేశాడు. మాధుకరం ఎలా చేయాలో నేర్పాడు. గడప ముందు నిలబడాలి. పిలవాలి. ఆ పిలుపు వీధి గుమ్మం దాటి, నడవా దాటి, వంటింట్లో పొయ్యి చిటపటల మధ్య ఉన్న ఇల్లాలి చెవిన పడాలి. పడితే పిడికెడు అన్నం, లేకపోతే పక్క గడప. కచేరీలో నవ్వులపాలైన కుర్రాడు, బాల భరతుడైన కుర్రాడు, నాన్న భుజం మీద ఊరేగిన కుర్రాడు జోలె పట్టుకుని విజయనగరం వీధుల్లో గడప గడపకీ తిరిగి, అందరిళ్ల కూరలూ అందరిళ్ల పులుపులూ కలిసిపోయిన ఆ అన్నాన్ని రెండుపూటలకి సర్దుకుని, మిగిలింది గుడ్డలో మూటగట్టి మూలన పెట్టుకున్నాడు.

సాయంత్రం మూట విప్పాడు. అన్నం నల్లగా ఉంది.

చీమలు.

గుడ్డ మడతల్లో, మెతుకు మెతుకు మధ్య, వేలు పెట్టనివ్వకుండా చీమలు. శాస్త్రిగారు చూశారు. ఇంట్లో నూకలకే కటకటగా ఉన్న మనిషి తన దగ్గరున్న డబ్బులు పట్టుకెళ్లి ఓ డబ్బా కొనుక్కొచ్చారు. మూతున్న రేకుడబ్బా. శిష్యుడికి గురువు కొనిపెట్టిన మొదటి వస్తువు తంబురా కాదు, శ్రుతిపెట్టె కాదు, చీమలు పట్టకుండా అన్నం దాచుకునే డబ్బా.

తెల్లవారుజామున నాలుగింటికి సాధన. చీకట్లో షడ్జమం. డబ్బాలో చద్దన్నం. నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగిసింది. కళాశాలలో సీటు వచ్చింది, కచేరీలు వచ్చాయి, పేరొచ్చింది. ఇంటి కుర్రాడిలా కలిసిపోయాడు. శాస్త్రిగారి అబ్బాయి సంగీతరావు అక్కడే దోస్తు అయ్యాడు. ఆ దోస్తీ తర్వాత మద్రాసు దాకా వెళ్లింది, ఏళ్ల తరబడి ఘంటసాల పక్కన హార్మోనియమై కూర్చుంది.

చదువైంది. చౌటపల్లి తిరిగొచ్చాడు. పెళ్లిళ్లలో పాడాడు, ఉత్సవాల్లో పాడాడు, పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఇక కుదురుకున్నట్టే అనుకున్నారంతా.

1942 ఆగస్టు వచ్చింది.

*

బందరు అట్టుడికిపోయింది. జాతీయ కళాశాల నడిచిన ఊరు, కృష్ణాపత్రిక అచ్చయ్యే ఊరు అది. ఆ ఊరి పట్టాభి సీతారామయ్యని కాంగ్రెస్ పెద్దలతోపాటు పట్టుకెళ్లి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. ఆ వేడి కాలువల వెంబడి పల్లెలకి పాకింది. క్విట్ ఇండియా అంటూ కదిలిన కుర్రకారులో ఘంటసాల కూడా ఉన్నాడు. పోలీసులు ఎత్తుకుపోయారు. బళ్లారి దగ్గర అల్లీపురం జైలు. పద్దెనిమిది నెలలు.

రాతి నేల, పొడి గాలి. డెల్టాలో పుట్టినవాడికి కనుచూపు మేరలో నీటి చుక్క లేని ఎండ. చుట్టూ గోడలు, గోడల లోపల వందలమంది. పాడే గొంతున్నవాడు అంతమంది మధ్య నోరు మూసుకుని కూర్చుంటాడా? మళ్లీ భజనే. ఒకడు అంటే అందరూ అందుకునే పాటే.

బయటికొచ్చాడు. 1944 మార్చి 4, పెళ్లి. పెళ్లికూతురు సావిత్రి.

కొత్త కొబ్బరాకుల పందిరి, పచ్చి తాటాకు వాసన. పొలాల్లో మినుములు పీకే రోజులు. సాయంత్రానికి గాలి చల్లబడింది. పెళ్లంటే కచేరీ ఉండాలి గదా, చుట్టాలు సర్దుకుని కూర్చున్నారు. ఎవరొస్తారు, ఏ ఊరి విద్వాంసుడు? ఎవరూ రాలేదు. తంబురా మీటిన చప్పుడు వినపడింది. తలలు తిరిగాయి.

కూర్చున్నది పెళ్లికొడుకే.

పసుపు బట్టలతో, బాసికం ఆనవాలు ఇంకా నుదుట ఉండగానే, తన పెళ్లికి తనే పాడాడు. చుట్టాలు నోళ్లు తెరుచుకుని విన్నారు. పిలిపించే స్తోమత లేక తనే పాడాడనుకున్నా అనుకోవచ్చు. అతనికి ఆ పూట వేరే ఎవరూ అక్కర్లేదనిపించిందని అనుకున్నా తప్పులేదు. అందుకునే గొంతుల్లేకుండా, పక్కన గుంపు లేకుండా, తన ఊపిరి ఎంతదూరం లాగితే అంతదూరం పాట.

పెళ్లి సంబరం వారం తిరక్కుండా తీరిపోయింది. ఇంట్లో ఇంకో మనిషి. చేతిలో ఏముంది?

*

కృష్ణ దాటితే ఆవలి గట్టున రేపల్లె తాలూకా. అక్కడి పెదపులివర్రు సముద్రాల రాఘవాచార్యులుగారి ఊరు. మద్రాసులో సినిమాలకి మాటలు, పాటలు రాస్తూ అప్పటికే పేరు మోసిన మనిషి. ఏదో పని మీద వచ్చారు. కుర్రాడు వెళ్లి పాడి వినిపించాడు. ఆచారిగారు విన్నారు. సినిమాల్లో ప్రయత్నించమన్నారు.

ఆ ఒక్క మాట చాలు. రెండు నెలలు కచేరీలు చేశాడు, చాలక అప్పులు చేశాడు, రైలెక్కాడు.

ఆచారిగారు ఇంటికి రానిచ్చారు. రేణుకా ఫిలింస్‌కి తీసుకెళ్లారు. ఎదురుగా చిత్తూరు నాగయ్య, బి.ఎన్. రెడ్డి. పాడమన్నారు. పాడాడు. బాగుందన్నారు. అవకాశం ఉన్నప్పుడు పిలుస్తామన్నారు. ఆ మాటతో మద్రాసులో ఎంతమంది ఎన్నేళ్లు బతికారో, ఎంతమంది అక్కడే ఆగిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

ఆచారిగారి ఇల్లు చిన్నది. పెద్దాయన్ని ఇరుకున పెట్టడం మనసొప్పలేదు. మూట సర్దుకుని బయటపడ్డాడు.

త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు. చెట్లున్నాయి, నీడుంది, పగలంతా ఎవరైనా కూర్చోవచ్చు. రాత్రి కూడా ఉండాలంటే వాచ్‌మన్ ఒప్పుకోవాలి. నెలకి రెండు రూపాయలకి బేరం కుదిరింది. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, ఉన్న చొక్కానే దులిపి తొడుక్కుని స్టూడియోల చుట్టూ తిరిగి తిరిగి, సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆకాశం కింద వాలిపోయే మనిషికి, ఎల్లమ్మ గుడి అరుగుకీ ఈ పార్కుకీ ఉన్న తేడా ఒక్కటే. అక్కడ గురువు దొరికాడు. ఇక్కడ ఇంకా ఎవరూ దొరకలేదు.

దొరికింది కోరస్. గోడవార, వెనక వరసలో.

*

చేయి దిగింది. పాట ముగిసింది. ఫ్యాను తిరిగింది.

ఆ వరసలో నిలబడ్డ రోజుల్లో ఓ కొత్త చదువు మొదలైంది. నాన్న దగ్గర్నుంచి జోలె దాకా, జైలు దాకా అతని గొంతు నేర్చుకున్నదంతా దూరం. ఊరి చివరన ఉన్నవాడికి వినపడాలి. నడవా అవతల ఇల్లాలికి వినపడాలి. కృష్ణా జిల్లా పల్లెల్లో మైకుల్లేని నాటకాల పందిళ్లలో పద్యం పాడేవాడు ఆఖరి వరస దాకా గొంతు విసరాల్సిందే. రాగం సాగదీయాల్సిందే. అప్పుడే వన్స్‌మోర్. ఈ ఇనపముక్క అలా కాదు. నాలుగు అంగుళాల దూరంలో చెవి పెట్టుకుని కూర్చుంటుంది. విసిరిన గొంతు దీనికి దెబ్బ తగిలినట్టే వినపడుతుంది. ఊపిరి లాగితే ఊపిరి వినపడుతుంది. గొంతులో తడి ఉంటే తడి వినపడుతుంది.

గ్రామఫోన్ రికార్డు ఇద్దామని పరీక్షకి వెళ్లాడు. గొంతు మైకుకి పనికిరాదని తిప్పి పంపారు.

పనికిరాదు. ఇది పక్కఊరి సభలో నవ్వులాంటిది కాదు. అప్పుడు శాస్త్రం రాదు, నేర్చుకున్నాడు. ఇప్పుడు తప్పు గొంతుదే అంటున్నారు. గొంతు మార్చుకోవడం ఎలా?

ముందు దారి చూపింది రేడియో. సముద్రాల పుణ్యమా అని మద్రాసు ఆకాశవాణిలో పాడే వీలు దొరికింది. అక్కడ ఇంకో చిత్రం. 1940 మార్చి నుంచి రేడియోలో హార్మోనియం నిషేధం. గురువుగారు జీవితమంతా ఏ పెట్టె మీద వేళ్లుంచి పాడారో ఆ పెట్టెకి ఆ గదిలో ప్రవేశం లేదు. ఆసరా లేదు. శ్రుతి మీద గొంతు, గొంతులో మాట. ఎదురుగా జనం లేరు. వినేవాడు ఎక్కడో బందర్లోనో బెజవాడలోనో ఓ గదిలో పెట్టె ముందు ఒక్కడే కూర్చుని ఉంటాడు. వాడి చెవిలో పాడాలి. భావం గొంతులోకి రావాలన్న చిన్న గురువుగారి మాట సరిగ్గా సరిపోయే చోటు అదే. తంబురా అంత మెల్లగా గొంతు దించినా వినపడుతుంది, పైగా ఇంకా దగ్గరగా వినపడుతుంది.

బి.ఎన్. రెడ్డిగారి నుంచి కబురొచ్చింది.

స్వర్గసీమ. నిలబడాల్సింది వెనక వరసలో కాదు, మైకు ముందు. పక్కన భానుమతి. అప్పటికే పేరున్న తార, పైగా కంచులాంటి గొంతు. ఆమె పక్కన నిలబడేసరికి అతనికి చెమటలు పట్టాయి. నోరు తడారింది. గొంతు వణికింది. భానుమతి చూసింది. నాగయ్యగారు చూశారు. ఇద్దరూ ధైర్యం చెప్పారు. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి నిలబడింది. 1945లో సినిమా వచ్చింది. ఆ పాటకి చేతిలో పడింది నూటపదహారు రూపాయలు. సంభావన లెక్క. పానగల్ పార్కు వాచ్‌మన్‌కి ఆ డబ్బుతో నాలుగేళ్ల పైచిలుకు అద్దె కట్టొచ్చు.

అయినా అది యుగళగీతం. పక్కన ఇంకో గొంతు, పట్టుకోడానికి ఓ కొమ్మ.

ఆ కొమ్మ కూడా వదిలేసే రోజు గ్రామఫోన్ గదిలోనే వచ్చింది. హెచ్.ఎం.వి.లో పేకేటి శివరాం ఉన్నాడు. తర్వాత నటుడిగా, దర్శకుడిగా అందరికీ తెలిసిన పేకేటి. పనికిరాదన్న గొంతుని మళ్లీ పిలిచాడు. అది నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు. ఒక పక్కకి మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. నాటకంలో ఒక్క పద్యానికి చాలని కాలం అది. అందులోనే మొదలెట్టాలి, అందులోనే మనిషిని కదిలించాలి, అందులోనే దిగిపోవాలి. సాగదీస్తే సూది ఆగిపోతుంది. ‘గాలిలో నా బ్రతుకు’ అలా వచ్చింది. లేబుల్ మీద ఇక గుంపు లేదు. పేరుంది.

ఆ మూడు నిమిషాల్లో పద్యం కూడా మారిపోయింది. రాగం మాటని మింగేయడం పోయి మాటకి గొడుగు పట్టడం వచ్చింది. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని తెలుగువాళ్లు పుస్తకంలో కంటే ఎక్కువగా ఆ గొంతులోనే చదువుకున్నారు. తర్వాత్తర్వాత బాణీలే కాదు, ‘బహుదూరపు బాటసారి’కి మాటలు కూడా తనే రాసుకున్నాడు. తన మాట, తన బాణీ, తన గొంతు. గురువుగారు ఇంట్లో హార్మోనియం ముందు కూర్చుని చేసిందీ అదే గదా.

అవన్నీ తర్వాతి సంగతులు. సినిమాలో మాత్రం ఇంకో తలుపు మిగిలి ఉంది.

*

1948. బాలరాజు.

దర్శకుడు మళ్లీ ఘంటసాల బలరామయ్యే. హీరో మళ్లీ అక్కినేనే. సంగీతం గాలి పెంచల నరసింహారావుది. ఆయన పక్కన పనిచేస్తున్నది మన ఘంటసాల వెంకటేశ్వరరావు. నాలుగేళ్ల కిందటి సీతారామ జననం మనుషులే, నిలబడ్డ చోట్లు మాత్రం అటూ ఇటూ అయ్యాయి.

‘చెలియా కనరావా’ పాట. విరహం. తోడు గొంతు లేదు, అందుకునే వరస లేదు. నాయకుడు ఒంటరిగా తిరుగుతూ పాడుకునేది. ముందు అక్కినేనే తన గొంతుతో పాడారని చెబుతారు. సీతారామ జననం నుంచీ తన పాట తనే పాడుకుంటూ వచ్చిన మనిషి. విన్నాక ఆయనకే తృప్తి కలగలేదు. ఘంటసాల చేత పాడిస్తే బాగుంటుందనుకున్నారు. హీరో తన పాటని తనే ఇంకొకరి చేతిలో పెట్టడం చిన్న సంగతి కాదు. మొహం ఒకరిది, గొంతు మరొకరిది అవుతుంది. జనం ఒప్పుకుంటారో లేదో తెలీదు. గుడివాడ తాలూకా పల్లెలు రెండు ఆ పాటలో ఒక్క మనిషయ్యాయి. అక్కడ మొదలైంది దేవదాసు దాకా, ఆ పైన చాలా దూరం వెళ్లింది.

తలుపు మూసుకుంది. ఫ్యాను ఆగింది.

వెనక్కి చూస్తే గోడ ఉంది. గోడవార ఎవరూ లేరు. పక్కన ధైర్యం చెప్పే భానుమతి లేదు. ముందు ఎత్తుకునేవాళ్లు లేరు, తను వదిలేస్తే అందుకునేవాళ్లు లేరు. సూరయ్య కొడుకు మైకు ముందుకొచ్చి, ఒక అడుగు కాదు, ఇంకో అడుగు కూడా దగ్గరగా జరిగి, తంబురా శ్రుతిలో గొంతు ఓసారి కలుపుకుని, చేయి పైకి లేవడం చూశాడు.

చేయి దిగింది.

పాడాడు. చౌటపల్లి భజనలో అయితే రెండో వరసకి కూడా వినపడనంత మెల్లగా.